వ్రాయించువారు, వ్రాయువారు, వెదకువారు



పూర్వము వర్తకుడు తన సరకును గూర్చి పదిమందికి తెలుపవలెనన్న అంగడిముందు బోర్డు కట్టించెడివాడు, సంతలో టముకు వేయించెడివాడు, పత్రికలో ప్రకటన వేయించెడివాడు. ఈ మూడింటియందును వర్తకుడే జనులను వెదకికొనుచు పోయెను. నేడు జనులే వర్తకుని వెదకుచున్నారు. కావలసినవాడు చేతిలోని ఫోనులో నాలుగు మాటలు టైపు చేసి, లేదా నోటితో పలికి, అడుగుచున్నాడు. ఆ మాటలకు సరిపడు పుటలను గూగుల్ వంటి సెర్చి ఇంజను ఒక వరుసలో పేర్చి చూపుచున్నది. ఆ వరుసలో తన పుట ముందుండవలెనని ప్రతి వర్తకుడును కోరుట సహజము. అందుకు తగినట్లు వ్రాసిపెట్టు వారిని కంటెంటు రైటర్లని పిలుచుచున్నారు. ఈ పని హైదరాబాదు, బెంగుళూరు నగరములలోనే జరుగుననుకొనరాదు. ఇంటికి ఇంటర్నెట్టు వచ్చినచో ఐ.పోలవరములో కొబ్బరితోట ప్రక్కనున్న అరుగుమీద కూర్చుండియు దీనిని చేయవచ్చును.

ఇట్లు వ్రాసియిచ్చిన దానిని, వ్రాయించుకొన్న క్లయింటు దిద్ది పంపినప్పుడు వ్రాసినవాడు ఏమి చేయవలెను? ఇదియే నేటి ప్రసంగ విషయము. చూచుటకు చిన్న సంగతివలె నుండును. కాని దీనిపై వ్రాయువాని జీవనము, వ్రాయించువాని ధనము, ఈ యిద్దరికిని కంటబడక ఎక్కడనో కూర్చుండి వెదకుచున్న మూడవ మనిషియొక్క నమ్మకము ఆధారపడియున్నవి.

పెండ్లి శుభలేఖలో ఒక మాటకు మారుగా మరియొక మాట వేసినచో పెండ్లి ఆగదు. అంగడి కరపత్రములో ఒక విశేషణము తీసివేసినను చేతికందిన కాగితము చేతికందియే యుండును. సెర్చి ఇంజనుకై వ్రాసిన వ్రాత అట్టిది కాదు. అందులో కొన్ని మాటలు అలంకారమునకు గాక త్రోవకై యున్నవి. వెదకువాడు ఏ మాటతో అడుగుచున్నాడో ఆ మాట పుటలో లేనిచో, ఆ పుట ఎంత చక్కగానున్నను అతని కంటబడక పోవచ్చును.

మా ఐ.పోలవరము సంగతియే చూడుడు. గోదావరిమీద బహుళార్థసాధక ప్రాజెక్టు నిర్మింపబడుచున్న పోలవరము వేరొకటి. దేశములో ఎవరికైనను 'పోలవరము' అనగానే స్ఫురించునది అదియే. వార్తలు, ప్రభుత్వ పత్రములు, చర్చలు ఆ పేరిట కొల్లలుగా నున్నవి. ముమ్మిడివరమునకు చేరువనున్న మా యూరు పేరునకు ముందు 'ఐ' అను అక్షరము నుంచుకొని తన ఉనికిని నిలుపుకొనుచున్నది. ఇప్పుడు ఇక్కడి కొబ్బరి వర్తకు డొకడు తనకై వ్రాసిన పుటను చూచి, "మేమంతా పోలవరమనే అంటామండి, ఆ ముందున్న ఐ ఎందుకండి, తీసెయ్యండి" అనినాడనుకొందము. అతడు చెప్పినది అబద్ధము కాదు. ఊరివారు అట్లే పలుకుదురు. కాని ఆ ఒక్క అక్షరమును తీసివేసినంతనే అతని అంగడి, ఆనకట్ట వార్తల క్రింద మునిగిపోవును. వ్రాసినవాడు ఈ మాట చెప్పక తలయూపినచో క్లయింటుకు చేసిన ద్రోహమే యగును.

జిల్లా పేరును గూర్చియు ఇట్టి చిక్కు కలదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన తూర్పు గోదావరి జిల్లానుండి కోనసీమ జిల్లా విడివడినది. ఆ సంవత్సరమే దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా యను పేరు స్థిరపడినది. దూరదేశములందున్న మనవారు అనేకులు నేటికిని అలవాటుకొద్దీ తూర్పు గోదావరి యనియే వెదకుదురు. ఒక క్లయింటు పాత పేరు ఉండరాదనును. మరియొకడు కొత్త పేరు తన చుట్టములకు తెలియదనును. ఇద్దరిని తృప్తిపరచు మార్గము కష్టమైనది కాదు. చిరునామాలో నేటి పేరు వేసి, పుటలోని ఒక వాక్యమున 'పూర్వపు తూర్పు గోదావరి జిల్లాలోని' అని ఒక్కసారి వ్రాసిన చాలును. అది సత్యమును అగును, త్రోవయు అగును.

కాబట్టి క్లయింటు చేయు మార్పులన్నియు ఒక జాతివి కావు. వచ్చిన దిద్దుబాట్లను చూడగానే వానిని వేరుచేసి పెట్టుకొనుట మొదటి పని. నా అనుభవములో అవి నాలుగు తెగలు. యథార్థమును సరిదిద్దునవి కొన్ని. అభిరుచికి సంబంధించినవి కొన్ని. వెదకువాని త్రోవను మార్చునవి కొన్ని. అసత్యమును చొప్పించునవి కొన్ని. నాలుగింటికిని ఒకే సమాధానము చెప్పువాడు, అన్నిటికి సరేయనువాడైనను, అన్నిటికి కాదనువాడైనను, తన పనిని ఎరిగినవాడు కాడు.

ఈ తెగలను ఒక ఉదాహరణముతో చూతము. మన కోనసీమలోని ఆత్రేయపురము పూతరేకులకు ప్రసిద్ధి. కుండను బోర్లించి, లోపల మంట రగిల్చి, పలుచని బియ్యపు పిండిపాలలో ముంచిన గుడ్డను ఆ వేడి కుండపై పరచి లాగగా తెల్లని రేకు వచ్చును. దానికి నెయ్యి రాచి, పంచదారయో బెల్లపు పొడియో చల్లి మడతపెట్టుదురు. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇట్టి సరకును ఊరూరికి పంపు వర్తకునికై ఒక పుట వ్రాసినామనుకొందము.

అతడు దిద్దిపంపిన ప్రతిలో, "బెల్లంవి అన్నాళ్ళు నిలవుండవండి, మెత్తబడిపోతాయండి" అని యున్నది. ఇది మొదటి తెగ. ఇట్టి సవరణకు మారు మాటాడక తలవంచవలెను. సరకును గూర్చి అతనికి తెలిసినంత మనకు తెలియదు. అంతేకాదు, వెదకువారికి నిజముగా కావలసిన సంగతి ఇదియే. ఎన్ని దినములు నిలుచును, విమానములో తీసికొనిపోవచ్చునా, ఎట్లు భద్రపరచవలెను అనియే వారు అడుగుదురు. క్లయింటు కోపముతో వ్రాసిన ఆ ఒక్క ముక్కనుండి మనము ఒక మంచి పేరా సంపాదించుకొనవచ్చును.

తరువాత, "మా నాన్నగారి పేరు పైన పెట్టండి, ఈ వాక్యం కొంచెం మర్యాదగా ఉండాలండి" అని యున్నది. ఇది రెండవ తెగ. అంగడి అతనిది, తండ్రి అతని తండ్రి. ఇందులో మన పాండిత్యమునకు పనిలేదు. వెదకువాడు పుట తెరచిన తక్షణము చూడవలసిన సమాధానమును ఆ మార్పు అడుగున పడవేయనంతవరకు అంగీకరింపవలెను. తన వాక్యమును ముట్టరాదను పట్టుదల కావ్యము వ్రాయువానికి చెల్లునేమో కాని, కూలికి వ్రాయువానికి చెల్లదు.

మూడవ తెగకు వచ్చునప్పటికి జాగ్రత్త కావలెను. "ఆయ్, ఆత్రేయపురం పూతరేకులు అన్న మాట పేజీలో ఓ ఇరవైసార్లైనా పడాలండి. మా బావమరిది కంప్యూటరు చదివాడండి, అలా అయితేనే గూగుల్లో పైకొస్తుందని చెప్పాడు" అని క్లయింటు అనును. ఈ బావమరిది మాట పూర్తిగా నిరాధారము కాదు. ఒకప్పుడు సెర్చి ఇంజనులు మాటలను లెక్కించుటకు అధిక ప్రాధాన్య మిచ్చెడివి. పుటలో కంటికి కానరాని చోట కీవర్డుల జాబితా నొకటి దాచిపెట్టుట ఆచారముగా నుండెను. 1998లో స్థాపితమైన గూగుల్ సంస్థ, ఒక పుటకు ఇతర పుటలనుండి వచ్చు లింకులను చూచి దాని విలువ కట్టు పద్ధతిని ప్రవేశపెట్టినది. ఆ దాచిన కీవర్డుల జాబితాను తాము వరుస నిర్ణయించుటలో ఉపయోగించుటలేదని ఆ సంస్థ 2009 సెప్టెంబరులో బహిరంగముగానే చెప్పినది.

2011 ఫిబ్రవరిలో పస లేని పుటలను క్రిందికి దింపుటకు వారొక మార్పు చేసినారు. దానికి పాండా అని పేరు. అమెరికాలోని ప్రశ్నలలో సుమారు నూటికి పండ్రెండింటిపై దాని ప్రభావము కనబడినదని వారే ప్రకటించినారు. 2013లో విడిమాటలను గాక ప్రశ్న మొత్తము భావమును గ్రహించు ఏర్పాటు వచ్చినది. 2019లో వాక్యములో ఏ పదము దేనితో అన్వయించునో తెలిసికొను బెర్ట్ అను పద్ధతి వచ్చి, ఆ సంవత్సరాంతమునకు డెబ్బదికిపైగా భాషలకు విస్తరించినది. ఒకే మాటను అసహజముగా కుక్కుట గూగుల్ నియమములలో దోషముగా పేర్కొనబడియున్నది. అనగా బావమరిది చెప్పిన మందు నేటి రోగమునకు పనికిరాదు, వికటించుటయు కద్దు.

ఐతే ఈ చరిత్రనంతయు క్లయింటుకు ఏకరువు పెట్టినచో అతడు విసుగుకొనును. అతనికి తెలిసిన భాషలో చెప్పవలెను. "అయ్యా, మీ కొట్టుకొచ్చిన మనిషితో మాటకొకసారి 'ఆత్రేయపురం పూతరేకులు, ఆత్రేయపురం పూతరేకులు' అంటారాండి? అంటే ఆయన ఏమనుకుంటాడండి?" అని అడిగిన చాలును. అంగడిలో కూర్చుండి మనుష్యులను చదివినవానికి ఆ ప్రశ్న వెంటనే తగులును.

అంతకన్న ముఖ్యమైనది మరొకటి కలదు. క్లయింటు కోరిన మార్పు వేరు, ఆ మార్పును కోరుటకు గల కారణము వేరు. కారణమును అడుగనిదే సమాధానము చెప్పరాదు. "ఇరవైసార్లు ఎందుకండి?" యని మెల్లగా అడిగినచో అసలు బాధ బయటపడును. "అందరూ మా ఊరిపేరు పెట్టి అమ్మేస్తున్నారండి. అసలువాళ్ళం మేమని ఎవరికీ తెలియట్లేదండి" అనును. ఇదియా సంగతి! అతనికి కావలసినది పేరు ఇరువదిసార్లు కనబడుట కాదు; తాను అసలువాడని కొనువాడు గుర్తించుట. దానికి తగిన మందు వేరు. ఆత్రేయపురములో తయారగు పూతరేకులకు 2023లో వచ్చిన గుర్తింపు ఏమిటో, తన యింట రేకు ఎట్లు తీయుదురో, అసలుదానిని ఎట్లు పోల్చుకొనవచ్చునో ఒక పేరాలో వ్రాసి, కుండయొద్ద పనిచేయుచుండగా తీసిన ఫోటో వేసినచో అతని కోరిక తీరును. వెదకువానికిని లాభము కలుగును. ఇరువది తోరణములు కట్టనక్కరలేదు.

పేరు వ్రాయు విధమును గూర్చియు తగవు వచ్చును. ఆంగ్లలిపిలో 'పూ' అక్షరమునకు కొందరు రెండు ఓ అక్షరములు, కొందరు ఒక యు అక్షరము వేయుదురు. 'త' అక్షరమునకు టీ మాత్రమే వేయువారును, దాని ప్రక్కన హెచ్ చేర్చువారును కలరు. క్లయింటు తన అట్టపెట్టెమీద ఎట్లున్నదో అట్లే ఉండవలెనని పట్టుబట్టును. ఇక్కడ పెట్టెమీది పేరును గౌరవించి పుట అంతటను దానినే వాడుట మేలు. దగ్గరదగ్గర వర్ణక్రమములను సెర్చి ఇంజను తరచుగా తానే పోల్చుకొనును. తెలుగు లిపిలో ఒకసారి వ్రాసి, మిక్కిలి వాడుకలోనున్న మరియొక వర్ణక్రమమును ఒకచోట సహజముగా ప్రస్తావించిన సరిపోవును.

త్రోవను మార్చు సవరణలలో మిక్కిలి అపాయకరమైనది పుట చిరునామాను మార్చుట. పుటలోని మాటలు మార్చిన తిరిగి సరిచేయవచ్చును. కాని లింకునే మార్చి, పాత లింకునుండి కొత్తదానికి రీడైరెక్టు పెట్టనిచో, ఇంతకాలము ఇతరులు ఆ పుటకు ఇచ్చిన లింకులు, చుట్టములు వాట్సాపులో పంపుకొన్నవి, అన్నియు శూన్యమునకు పోవును. ఇల్లు మారినవాడు పాత యింటివద్ద కొత్త చిరునామా చెప్పిపోవునట్లు, రీడైరెక్టును ఒక సంవత్సరమునకు తక్కువకాకుండ ఉంచవలెనని గూగుల్ వారే సలహా యిచ్చుచున్నారు. కనుక క్లయింటు "పేజీ పేరు మార్చేశామండి" యని చెప్పినచో ముందు అడుగవలసిన ప్రశ్న: పాతది ఎక్కడికి పోవుచున్నది?

ఇక సమాధానమునే తొలగించు మార్పులు కలవు. మురమళ్ళలో భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామివారి ఆలయము నిత్యకల్యాణములకు ప్రసిద్ధి చెందినది. ఆ ప్రాంతమున బసగృహము నడుపువానికై ఒక పుట వ్రాసినామనుకొందము. యానాం నుండి వచ్చువారు 2002లో ప్రారంభమైన యానాం–ఎదుర్లంక వంతెన దాటి ఎట్లు రావలెనో, కల్యాణము చేయించుకొనువారు ఏ వేళకు సిద్ధముగా నుండవలెనో, వృద్ధులకు మెట్లు ఎక్కవలసిన పని యున్నదో లేదో వ్రాసితిమి. క్లయింటు వానినన్నిటిని కొట్టివేసి, 'ప్రకృతి ఒడిలో స్వర్గతుల్యమైన అనుభూతి' యని వ్రాసి పంపినాడు. ఇంత చక్కని మాటలను కాదనుట ఎట్లు? ఆ మాటలను పైన ఒక పంక్తిగా ఉంచి, క్రింద తక్కిన సంగతులను అట్లే నిలుపుమని కోరవలెను. రాత్రి పదిగంటలకు, వృద్ధురాలైన తల్లిని తీసికొని ప్రయాణమునకు సిద్ధపడుచున్నవాడు స్వర్గమును వెదకడు. మెట్లున్నవా లేవా యని వెదకును.

నాలుగవ తెగను గూర్చి స్పష్టముగా చెప్పవలెను. పూతరేకులు చేయువాడు ఐ.పోలవరములో నున్నాడు. "ఆత్రేయపురం అని వేసెయ్యండి, జనం వెతికేది అదే కదండీ" అనును. వెదకువారి మాట అదియే యన్నది నిజము. ఐనను వేయరాదు. 1999లో చేయబడి 2003 సెప్టెంబరునుండి అమలులోనున్న భౌగోళిక గుర్తింపుల చట్టము ఊరి పేరుతో కూడిన అట్టి పేర్లను కాపాడుచున్నది. చట్టమును ప్రక్కకు పెట్టినను, ఆ పేరును పొయ్యివేడిలో తరతరములుగా సంపాదించినవారు వేరు. 'ఐ.పోలవరములో మా యింట చేసిన పూతరేకులు' అని వ్రాసి, వాని రుచిని, తయారీని నిజాయితీగా వర్ణించిన చాలును. పూతరేకులు అను మాట అందరిది. ఆ యూరిపేరు ఆ యూరివారిది.

అట్లే కొబ్బరినూనె అమ్మువాడు తన నూనె మధుమేహమును కుదుర్చునని వ్రాయుమనును. మరొకడు 'ఆంధ్రదేశములో మొదటి స్థానము' అని వేయుమనును. ఆహారపదార్థము రోగమును కుదుర్చునని ప్రకటించుటను 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలు నిషేధించుచున్నవి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద తప్పుదారి పట్టించు ప్రకటనకు పది లక్షల రూపాయలవరకు, తిరిగి చేసినచో ఏబది లక్షలవరకు జరిమానా విధింపవచ్చును. 2022 జూన్‌లో అట్టి ప్రకటనలను గూర్చి ప్రత్యేక మార్గదర్శకములును వెలువడినవి. ఈ మాట క్లయింటుకు బెదిరింపుగా గాక హితముగా చెప్పవలెను. అప్పటికిని వినడేని, 'ఈ వాక్యము నేను వ్రాయను' అని మర్యాదగా చెప్పి విరమింపవలెను. ఆ నెల రాబడి తగ్గవచ్చును. కాని మధుమేహముతో బాధపడుచు ఆ పుటను నమ్మి మందు మానుకొన్నవానికి కలుగు నష్టముతో పోల్చినచో అది ఏపాటిది?

ఈ తగవులలో సగము వ్రాయుటకు ముందే తొలగింపవచ్చును. పని కుదిరిన దినముననే ఒక కాగితమున నాలుగు సంగతులు వ్రాసి క్లయింటుచే సరేయనిపించుకొనవలెను. ఈ పుటను ఎవరు చదువుదురు? వారు ఏ మాటలతో వెదకుదురు? వారికి మనము చెప్పు సమాధానమేమి? క్లయింటుకు తప్ప మరెవ్వరికి తెలియని సంగతులేవి? తరువాత ఏ మార్పు వచ్చినను ఆ కాగితము ముందుంచుకొని మాటాడవచ్చును. అప్పుడు వాదము 'నీ మాటా, నా మాటా' అను రూపము దాల్చదు. 'మన మనుకొన్న పనికి ఇది తోడ్పడునా లేదా' అను విచారణగా మారును.

ఒప్పందములో సవరణల విడతలు ఎన్నియో కూడ ఉండవలెను. రెండు విడతలు సాధారణముగా చాలును. ఆపైన కోరినచో ఎంత అదనమో ముందే తెలుపవలెను. మన కుటుంబవ్యాపారములలో మరియొక విశేషము కలదు. తండ్రి ఒకటి దిద్దును. పెద్దకొడుకు దానిని కొట్టివేయును. హైదరాబాదులోని కోడలు వాట్సాపులో ఇంకొకటి పంపును. అమెరికానుండి అల్లుడు అర్ధరాత్రి ఫోనులో మొదటిదే బాగున్నదనును. వీరిలో ఎవ్వరిని చిన్నబుచ్చుట మనకు తగదు. కనుక "మీ ఇంట్లో అందరూ చూడండి బాబూ, కానీ మార్పులు మాత్రం ఒకరి చేతిమీదుగానే నాకు పంపండి" అని మొదటనే వేడుకొనవలెను.

వచ్చిన ప్రతి ప్రతిని తేదీతో భద్రపరచుట మూడవ నియమము. సి.పి. బ్రౌను దొర వేమన పద్యములను 1829లో ప్రకటించుటకు ముందు పలు వ్రాతప్రతులను సేకరించి, పండితుల సహాయముతో పాఠములను పోల్చి చూచినాడు. లేఖకుడు లేఖకునికి మాట మారుచు వచ్చినప్పుడు, ప్రతులన్నియు ఎదుట నుండినగాని మార్పు ఎక్కడ జరిగినదో తెలియదు. మన పుటకును అంతే. ఆరు నెలల తరువాత "మీరు రాసినదానికి జనం రావట్లేదండి" యని క్లయింటు అనినచో, తాను దిద్దిన ప్రతియేది, మనము వ్రాసిన ప్రతియేది, ఏ దినమున మారినది అను సంగతి కాగితమే చెప్పవలెను, జ్ఞాపకశక్తి చెప్పరాదు.

ఎంత చెప్పినను క్లయింటు తన మార్పే కావలెననినచో, అది అసత్యము కానంతవరకు, దానిని పెట్టి చూచుటయే న్యాయము. అతని అభిప్రాయమును, మన అభిప్రాయమును ఒక చిన్న ఉత్తరములో వ్రాసియుంచి పరీక్షకు విడువవలెను. పుటకు ఎందరు, ఏ మాటలతో వెదకి వచ్చినారో గూగుల్ వారి సెర్చి కన్సోలులో పదునారు నెలలవరకు చూడవచ్చును. మార్పు ఫలితము కొన్ని గంటలలో కనబడవచ్చును, కొన్ని నెలలును పట్టవచ్చును. సాధారణముగా కొన్ని వారములైనను ఓపిక పట్టవలెను. మరియొక జాగ్రత్త: సంక్రాంతి ముందరి వారమును ఆషాఢపు వారముతో పోల్చి తీర్పు చెప్పరాదు. పండుగకు పూతరేకులు వెదకువారు తామే పెరుగుదురు. ఈ సంవత్సరపు సంక్రాంతిని గత సంవత్సరపు సంక్రాంతితోనే పోల్చవలెను. ఫలితము క్లయింటు పక్షమున వచ్చినచో సంతోషముతో ఒప్పుకొనవలెను. అతడు తన కొనుగోలుదారులను మనకన్న బాగుగా ఎరిగియుండుట అరుదు కాదు.

ఇటీవల మరియొక విధమగు సవరణ వచ్చుచున్నది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినది మొదలు, క్లయింట్లు మన వ్రాతను యంత్రమునకు ఇచ్చి తిరుగవ్రాయించి పంపుచున్నారు. యంత్రము వ్రాసినదను కారణముచేతనే ఒక పుటను క్రిందికి దింపమనియు, వ్రాత ఉపయోగమును చూతుమనియు గూగుల్ వారు 2023 ఫిబ్రవరిలో చెప్పినారు. వరుసలో పైకి వచ్చుటకై పనికిరాని పుటలను గుట్టలుగా ఉత్పత్తిచేయుట, అది మనుష్యులు చేసినను యంత్రములు చేసినను, దోషమని 2024 మార్చిలో నియమము చేసినారు. కనుక యంత్రముపై కోపము వలదు. అది చేర్చిన ప్రతి సంగతిని పరిశీలింపవలెను. యంత్రము ఐ.పోలవరమును పోలవరము ప్రాజెక్టుతో కలిపివేసి, మా యూరిలో ఆనకట్ట యున్నదని ధైర్యముగా వ్రాయగలదు. భాష సాఫీగా నుండుటచేత ఆ తప్పు క్లయింటు కంటబడదు. దానిని పట్టుకొనవలసినవాడు ఊరెరిగిన వ్రాయసకాడే. తానెరిగిన యూరును గూర్చి తాను వ్రాయుటయందు అతనికి ఇంకను విలువ యుండుటకు ఇదియొక కారణము.

వ్రాయించువారికి కూడ ఒక మాట మనవి చేసెదను. మీ పుటను దిద్దుటకు మీకు సంపూర్ణమైన హక్కు కలదు. కాని దిద్దునప్పుడు మాటను మాత్రమే మార్చి పంపక, ఎందుకు మార్చితిరో ప్రక్కన ఒక ముక్క వ్రాయుడు. 'బాగులేదు' అనుటకన్న 'మా వద్దకు వచ్చువారు ఇట్లు అనరు' అనుట వ్రాయువానికి వేయిరెట్లు ఉపకారము. మీకు తెలిసినది సరకు. అతనికి తెలిసినది వెదకువాని పద్ధతి. ఈ రెండును కలిసినప్పుడే పుట పనిచేయును.

వ్రాయు యువతీయువకులతో చివరిమాట. సవరణ వచ్చిన గంటలోనే సమాధాన మీయకుడు. ఒకసారి మీరు వ్రాసినవారుగా చదువుడు. ఒకసారి అంగడి యజమానిగా చదువుడు. మూడవసారి రాజోలునుండియో, రాయచూరునుండియో, అమెరికానుండియో ఆ పుటకు క్రొత్తగా వచ్చినవానివలె చదువుడు. మూడవ పఠనములో ఆ మార్పు అతనికి మేలు చేయునని తోచినచో, మీ వాక్యమునకు ఎంత గాయమైనను ఒప్పుకొనుడు. కీడు చేయునని తోచినచో, మీ క్లయింటు ఎంత పెద్దవాడైనను చెప్పుడు. ఇద్దరి బేరములోను ఆ మూడవవానికి పలుకుబడి లేదు, సంతకము లేదు. వాని పక్షమున మాటాడుటకు వ్రాయువాడు తప్ప మరెవ్వరును లేరు.